వేరే గది లేని ఇల్లు

ఆమెను అందరూ కాజాలక్క అంటారు. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు దూరే కాజాలు కుట్టడం ఆమె పని. ఒక్కో చొక్కాకి తొమ్మిది కాజాలు, రోజుకి నాలుగు వందల చొక్కాలు. పదమూడేళ్లుగా అదే మిషను, అదే కుర్చీ. మిషన్లను ఎంత దగ్గరగా వేశారంటే, పక్కామె దారం తెంపడానికి చెయ్యి లాగితే ఈమె మోచెయ్యి కదిలేది. మొదట్లో కాజాలు వంకరపోయి తిట్లు తింది. పోనుపోను పక్కామె చెయ్యి ఎప్పుడు కదులుతుందో చూడకుండానే తెలిసిపోయేది. ఊపిరి కూడా వంతులేసుకుని పీలుస్తున్నామని నవ్వేది.

ఇంట్లోనూ అదే తంతు. అయిదంతస్తుల భవనంలో నాలుగో అంతస్తు, పది అడుగులకి పన్నెండు అడుగుల గది. అందులో కాజాలక్క, ఆమె భర్త, ఆరేళ్ల కూతురు, అత్త, మరిది, తోటికోడలు, తోటికోడలి ఎనిమిది నెలల కొడుకు. అన్నదమ్ములిద్దరూ సరుకుల గోడౌన్లో మూటలు మోసేవారు. పిల్లాడికి తల మీద వెంట్రుక మొలవలేదని అందరూ ముద్దుగా గుండు అనేవారు. ఏడుగురూ పడుకోవాలంటే ఒక లెక్క ఉండేది. గోడవారగా తోటికోడలు, ఆమె పక్కన గుండు, వాడి పక్కన కాజాలక్క కూతురు, తర్వాత కాజాలక్క, పొయ్యి దగ్గర అత్త. తలుపు దగ్గర అడ్డంగా మగవాళ్లిద్దరూ. ఒకరు ఒత్తిగిలితే అందరూ ఒత్తిగిలాల్సిందే. అత్త మాత్రం ఇంకోలా చెప్పేది. తన చిన్నప్పుడు ఇంటెడు పిల్లల్ని పెట్టుకుని అమ్మ ఎవర్నీ పోగొట్టుకోలేదని, మనకి పోగొట్టుకునేంత చోటు కూడా లేదని.

గది తలుపూ కిటికీ నడవాలోకి తెరుచుకునేవి. వెనకవైపు ఇంకో చిన్న కిటికీ ఉండేది కానీ, దానికి మూరెడు దూరంలో పక్క భవనం గోడ. చెయ్యి చాపితే తగిలేది.

భవనం మొత్తానికి అరవై గదులు, నాలుగు వందల పైచిలుకు జనం, ఒకటే మెట్లదారి. కింద మూడు కుళాయిలు, పొద్దున గంటసేపు నీళ్లు. ఆ గంటలో బిందెలూ బక్కెట్లూ పట్టుకుని జనమంతా మెట్ల మీద వరస కట్టేవారు. ఆ వరసకి పెద్ద కండక్టరు తాత. ఒకప్పుడు బస్సు కండక్టరు. గదిలో తన వాటా చోటును మనవలకి వదిలేసి, రోజంతా రెండో అంతస్తు మలుపులో మెట్టు మీదే కూర్చునేవాడు. ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో, ఎవరి బిందె ఎవరి ముందుకు జరిగిందో ఆయనకి తెలియనిది లేదు. నలభై మంది పట్టే బస్సులో నూట పది మందిని ఎక్కించి, ఒక్కడికి కూడా టికెట్టు తప్పనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకునేవాడు.

ఒక సోమవారం కాజాలక్క కూతురికి ముక్కు కారడం మొదలైంది. కళ్లు ఎర్రబడ్డాయి, పొడిదగ్గు, ఒళ్లు వెచ్చన. జలుబుకి మందు వేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు అని అందరూ అనే మాటే ఇంట్లోనూ అనుకున్నారు. పిల్ల బడికి వెళ్లింది. నీళ్ల వరసలో తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి దగ్గింది. మెట్ల మీద పిల్లలతో ఆడింది. గుండు అంటే దానికి ప్రాణం. వాడి పిడికిట్లో తన వేలు పెట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఆ నాలుగు రోజులూ అలాగే నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున తల దువ్వుతుంటే చెవుల వెనక ఎర్రటి పొక్కులు కనిపించాయి. సాయంత్రానికి ముఖమంతా, మర్నాటికి వీపంతా పాకాయి. అత్త ఒక్క చూపు చూసి తట్టు అంది.

అప్పటికే బడిలో ఇంకో ఇద్దరు పిల్లలకి తట్టు వచ్చిందట. బడివాళ్లు రాసిచ్చిన చిరునామాలు పట్టుకుని శనివారం మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. సన్నటి మనిషి. నాలుగంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడుతోంది. లోపల కూర్చోవడానికి చోటు లేక గడప మీదే కూర్చుని పిల్లని చూసింది. కళ్లు చూసింది, నోరు తెరిపించి చూసింది, నాలుక మీద మందు చుక్కలు వేసింది. తర్వాత గది చూసింది. గుండుని చూసింది.

"పిల్లని వేరే గదిలో ఉంచండమ్మా, బాబు దగ్గరికి రానివ్వకండి" అంది అలవాటుగా.

కాజాలక్కకి నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వొస్తే మనిషి ఎంత ఇబ్బంది పడుతుందో అంత ఇబ్బంది పడింది.

"వేరే గదంటే ఏ గదండీ? ఈ గోడకీ ఆ గోడకీ మధ్య ఉన్నదంతా ఇదేనండి."

నర్సమ్మ తల దించుకుంది. పుస్తకంలో అలాగే రాసుందని, తాను అలాగే చెప్పాలని మెల్లిగా అంది. తోటికోడలు మాత్రం ఆ మాట పట్టుకుని వదల్లేదు. బాబుకి ఇప్పుడే టీకా వేసేయమని అడిగింది. తొమ్మిది నెలలు నిండాక వేసే టీకా అది, వాడికి ఇంకా ఇరవై రోజులు తక్కువ. పక్కన రోగం ఉంటే ముందే వెయ్యొచ్చు గానీ, గాలి సోకిన మూడు రోజుల్లోపు వేస్తేనే ఈసారికి ఆపుతుందని, వీళ్లకి ఆ మూడు రోజులూ దాటిపోయాయని నర్సమ్మ చెప్పింది. పొక్కులు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు ఒకరి నుంచి ఒకరికి పోతుందట. పిల్ల గదిలోంచి బయటికి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో ఉంటుందట.

"మరిప్పుడేం చెయ్యాలి?"

"కనిపెట్టుకుని చూడాలమ్మా. వారం, పది రోజులు. జ్వరమొస్తే వెంటనే చెప్పండి. కిటికీలు తెరిచి పెట్టండి."

పోతూ పోతూ పిల్ల టీకాల కార్డు అడిగింది. కాజాలక్క రేకు పెట్టెలోంచి తీసి ఇచ్చింది. తట్టు టీకా గడి ఖాళీగా ఉంది. అప్పట్లో ఫ్యాక్టరీలో పని ఒత్తిడి, సెలవు దొరకలేదు. అత్త తీసుకెళ్తే, పిల్లకి జ్వరంగా ఉంది, వచ్చే వారం రమ్మన్నారు. ఆ వచ్చే వారం అయిదేళ్లయినా రాలేదు. నర్సమ్మ ఆ గడి వైపు చూసి, వేయించలేదా అంది. కుదరలేదండి అని కాజాలక్క గొంతులోనే అంది. తోటికోడలు గుండుకి పాలు పడుతోంది, అటు తిరిగి ఉంది.

నర్సమ్మ మెట్లు దిగేలోపే వార్త మెట్లన్నీ దిగింది. సాయంత్రం కండక్టరు తాత పదిమందిని వెంటేసుకుని నడవాలోకి వచ్చాడు. భవనంలో తొంభై మంది పిల్లలున్నారు, నాలుగో అంతస్తు గదిలోవాళ్లు పదిహేను రోజులు బయటికి రాకూడదు అన్నాడు. నీళ్లూ సరుకులూ గుమ్మం దగ్గర పెడతారు. బయట ఉన్నవాళ్లు బయటే, లోపల ఉన్నవాళ్లు లోపలే. అన్నదమ్ములిద్దరూ అప్పటికింకా గోడౌన్ నుంచి రాలేదు, వాళ్లక్కడే పడుకోవాలి. నడవాలోకి ఉన్న కిటికీ కూడా మూసుకోవాలి. కిటికీలు తెరవమని నర్సమ్మ చెప్పిందని కాజాలక్క అంది. ఆవిడ చెప్పి వెళ్లిపోతుంది, మేం ఇక్కడ ఉండాలి అని ఎవరో వెనకనుంచి అన్నారు. కాజాలక్క ఇంకోటి అడిగింది. డాబా మీద ఖాళీయే కదా, పిల్లని తీసుకుని నేను పైన ఉంటాను, బాబు కిందుంటాడు అని. అయిదో అంతస్తువాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల గుమ్మాల ముందు నుంచే కదా పైకి పోవాలి.

తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడు లోపలివాళ్లందరికీ వినిపించింది. అత్త, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది అని గొణిగింది.

ఇద్దరు మగవాళ్లు తగ్గారు కాబట్టి గది పెద్దదవ్వాలి. అవలేదు. రోజూ పనికి పోయేవాళ్లకి ఆ గది నిద్రకి మాత్రమే. పగలంతా అందులోనే ఉండటం వాళ్లకి తెలియదు. నలుగురు ఆడవాళ్లు, అందులో ఒకతి ఆరేళ్లది, పాకే పసివాడొకడు. వెనక కిటికీలోంచి గాలి రాదు, గోడ వేడి వస్తుంది. పొయ్యి వెలిగిస్తే ఊపిరాడదు, వెలిగించకపోతే గంజి లేదు. మూల బక్కెట్టుకి అడ్డంగా దుప్పటి కట్టుకున్నారు. పొద్దున ఒకసారి గడియ తీసి బిందెడు నీళ్లు పెట్టేవారు, పాత బక్కెట్టు పట్టుకెళ్లేవారు. పెట్టినవాళ్లు మాట్లాడకుండా పరిగెత్తేవారు. కాజాలక్క చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఇంట్లో ఉన్న పాత గుడ్డలన్నిటికీ కాజాలు కుట్టింది. గుండీల్లేని దిండుగలీబులకి కూడా కుట్టింది.

మొదటి రోజు ఆమె కూతుర్ని గుండు నుంచి విడదీసింది. పిల్లని పొయ్యి వైపు, బాబుని గోడ వైపు, మధ్యలో ముగ్గురు పెద్దవాళ్లు కంచెలా. ఆరు అడుగుల ఎడం. ఆ ఎడంలోనే దగ్గు అటు పోయేది, ఏడుపు ఇటు వచ్చేది. గుండు పాక్కుంటూ పిల్ల వైపు వచ్చేవాడు. తోటికోడలు కాలు పట్టి వెనక్కి లాగేది. వాడు ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వేవాడు. మళ్లీ వచ్చేవాడు.

అప్పటి నుంచి అందరి చూపూ వాడి మీదే. పొద్దున లేవగానే ముగ్గురి చేతులూ వాడి నుదుటి మీద పడేవి. వాడు తుమ్మితే అత్త పొయ్యి మీద గరిటె ఆపేసేది. తోటికోడలు ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి. గోడవారన కూర్చుని, రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం తప్ప మాట్లాడటం మానేసింది. నాలుగో రోజుకి కాజాలక్క కూతురి జ్వరం దిగింది. ఆకలంది. ఆరో రోజుకి గెంతులు మొదలుపెట్టింది. కూతురు కోలుకుంటుంటే సంతోషపడటానికి కూడా కాజాలక్కకి మొహం చెల్లలేదు. తిరిగి చూస్తే తోటికోడలు చూస్తూ ఉండేది.

ఆ సాయంత్రమే గుండుకి ఒళ్లు కాలింది.

గుమ్మం దగ్గర నీళ్లు పెట్టేవాళ్లతో నర్సమ్మకి కబురు చేయమని చెప్పారు. చేస్తామన్నారు. చేశారో లేదో తెలియదు. మూడు రోజులకి పొక్కులు వచ్చాయి. పిల్లకి వచ్చినట్టు కాదు. ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒళ్లంతా కమిలినట్టయింది. పాలు తాగడం మానేశాడు. ఏడవడం కూడా మానేశాడు, అదే అందర్నీ భయపెట్టింది. గడియ పడిన పదకొండో రోజు పొద్దున వాడి ఊపిరి వేగం చూసి అత్త చొక్కా పైకెత్తింది. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి.

కాజాలక్క తలుపు బాదింది. నడవాలో అడుగుల చప్పుడు, గుసగుసలు. తర్వాత కండక్టరు తాత గొంతు వినిపించింది, ఏంటమ్మా అని. బిడ్డని ఆస్పత్రికి తీసుకెళ్లాలంది. నర్సమ్మ వచ్చేదాకా ఆగమన్నాడు.

"తాతా, బిడ్డ డొక్కలెగరేస్తున్నాడు. ఇంకో పూట ఆగితే మోసుకెళ్లడానికి నేనక్కర్లేదు. నువ్వు తలుపు తీస్తావా, కిటికీ ఊచలు విరగ్గొట్టుకుని రమ్మంటావా?"

గడియ కదిలింది. తలుపు తెరిచేసరికి ఎదురుగా ఆయన ఒక్కడే ఉన్నాడు, మిగతావాళ్లు గోడల్లోకి దూరిపోయారు. ఆయన కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ముందు నడిచాడు.

తోటికోడలు కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయింది. అత్త పట్టి లేపింది. గుండుని కాజాలక్కే తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకుంది. మెట్లు దిగుతుంటే కండక్టరు తాత తన పాత బస్సు గొంతుతో, దారివ్వండి, లోపలికి జరగండి అని అరుస్తూ పోయాడు. తలుపులు టపటపా మూసుకున్నాయి. మూసుకున్న ఆ తలుపుల వెనకనుంచి కాజాలక్కకి దగ్గులు వినిపించాయి. మూడో అంతస్తులో రెండు గదుల్లో, రెండో అంతస్తులో ఇంకో గదిలో. తన కూతురు దగ్గిన దగ్గే, ఆ పొడిదగ్గే. పదకొండు రోజులు తమని మూసి పెట్టింది దేన్ని ఆపడానికో, అది అప్పటికే గది గదికీ చేరిపోయింది. తమ తలుపుకి గడియ పడటం చూసి, మిగతావాళ్లు తమ పిల్లల జ్వరాలు దాచుకున్నారు. రెండో అంతస్తులో దగ్గింది కండక్టరు తాత మనవరాలే. చెబితే తన తలుపుకీ గడియ పడుతుందని రెండు రోజులుగా ఆయన ఎవరితోనూ అనలేదు.

ఆస్పత్రిలో పిల్లల వార్డు నిండిపోయి ఉంది. మంచానికి ఇద్దరు, కొన్ని మంచాలకి ముగ్గురు. గుండుకి ముక్కులో గొట్టం పెట్టారు. ఊపిరితిత్తులకి పట్టిందన్నారు. వాడి మంచం మీదే కాళ్లవైపు ఇంకో పిల్లాడు. తోటికోడలు మంచం పక్కన నేల మీద కూర్చుంటే, లేచి నిలబడటానికి పక్కవాళ్లని జరగమని అడగాల్సి వచ్చేది. నాలుగో రోజు నర్సమ్మ అక్కడికి వచ్చింది. అరవై గదుల్లోకీ వెళ్లి ఇరవై ఇద్దరు పిల్లలకి తట్టు తేల్చిందట. గడియ సంగతి తెలిసి కండక్టరు తాతని నిలబెట్టి చివాట్లు పెట్టిందట. తోటికోడలు ఆమెను ఒక్కటే అడిగింది. అక్క కూతురికి అంత తేలిగ్గా పోయింది, నా కొడుక్కి ఇలా ఎందుకైంది అని.

నర్సమ్మ ఆమె పక్కనే నేల మీద ఒదిగి కూర్చుంది.

"వీడు మరీ పసివాడు, అదొకటి. ఇంకోటి ఏంటంటే, బయటెక్కడో అంటించుకున్న పిల్లకి కాస్తే తగులుతుందమ్మా. ఇంట్లో పక్కనే పడుకున్న పిల్లలకి రాత్రంతా తగులుతూనే ఉంటుంది. ఇరుకు ఇళ్లలో ఒకరి తర్వాత రెండోవాళ్లుగా పడ్డ పిల్లలకే గట్టిగా రావడం చాలాసార్లు చూశాను."

గుండు పదహారు రోజులకి ఇంటికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు గానీ బతికాడు. ఎడమ చెవి చీము పట్టి తగ్గాక, ఆ వైపు నుంచి పిలిస్తే తిరగడం లేదని అత్త కనిపెట్టింది. మూడో అంతస్తులో ఇస్త్రీ ఆయన రెండేళ్ల కూతురు బతకలేదు. ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కాజాలక్క పలకరించడానికి వెళితే, లోపలికి రమ్మని చెప్పి, మడతపెట్టిన బట్టలు పక్కకి జరిపి చోటు చేశాడు. ఆమె కూర్చోలేక తిరిగొచ్చేసింది.

మళ్లీ ఏడుగురూ ఆ గదిలోనే. మునుపటి వరసలోనే పడుకున్నారు, కాకపోతే పిల్లలిద్దరి మధ్య కాజాలక్క చేరింది. అంటే తోటికోడలికి జానెడు దూరంలో. ఆ జానెడు దూరంలో నాలుగు నెలలు తోటికోడలు ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఉప్పందుకో అంటే అందించేది. పెద్ద ఇళ్లలో కోపమొస్తే తలుపేసుకుంటారు, పుట్టింటికి పోతారు, కనీసం ఇంకో గదిలో కూర్చుంటారు. వీళ్ల కోపానికి కూడా వేరే గది లేదు. ఒకే గిన్నెలో అన్నం పెట్టుకుని, ఒకే దుప్పటి చెరో కొసా కప్పుకుని కోపంగా ఉండాలి. వేరే కాపురం పెడదామని మరిది రెండు మూడు చోట్ల గదులు చూసొచ్చాడు. ఒక్కోదాంట్లో అప్పటికే ఒక సంసారం ఉంది, గదిలో సగమే అద్దెకిస్తామన్నారు. చూసి చూసి ఊరుకున్నాడు.

ఒక పొద్దున ఇద్దరూ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. మగవాళ్లు పనికి పోయారు, అత్త నీళ్ల వరసలో ఉంది. కాజాలక్క లేచి రేకు పెట్టె తెరిచి, కూతురి కార్డు తెచ్చి తోటికోడలి ఒళ్లో పెట్టింది. ఖాళీ గడి చూపించింది. దీనికి టీకా వేయించలేదని చెప్పింది. ఫ్యాక్టరీ సంగతీ, జ్వరం సంగతీ చెప్పబోయి మానేసింది.

తోటికోడలు కార్డు చూడలేదు.

"నాకు తెలుసక్కా. ఆ రోజు నర్సమ్మ అడిగినప్పుడు నువ్వు పలికిన తీరులోనే తెలిసింది."

"మరి ఒక్కసారి కూడా అడగలేదే?"

"అడిగి ఎక్కడికి పోను? అడిగాక కూడా నీ పక్కనే పడుకోవాలిగా."

చేట తన ముందుకి జరుపుకుని మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. కాజాలక్కకి ఏడుపు రాలేదు. ఏరిన బియ్యంలోంచే మళ్లీ రాళ్లు ఏరుతూ కూర్చుంది. కాసేపటికి, గుండు చెవికి చుక్కలు అయిపోయాయి, వచ్చేటప్పుడు తీసుకురా అంది తోటికోడలు. నాలుగు నెలల్లో ఆమె తనంతట తాను అన్న మాట అదొక్కటే, అది కూడా అవసరమే.

ఆ ఆదివారం కాజాలక్క నోటుపుస్తకం కొని, అయిదో అంతస్తు నుంచి కింది దాకా ఒక్కో తలుపూ తట్టింది. కొందరు మొహం మీదే తలుపేశారు. నీ పిల్ల వల్లే అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆమె కాదనలేదు, కార్డు చూపించమని మళ్లీ అడిగింది. నాలుగు ఆదివారాలు పట్టింది. తట్టు పడి లేచినవాళ్లు పోగా, ఇంకా టీకా లేని పిల్లలు ముప్ఫై ఒక్కరు తేలారు. ఆస్పత్రి టీకాల రోజు ఫ్యాక్టరీ పనిరోజు కావడంతోనే ఇంతమంది మిగిలిపోయారని ఆ లెక్కలో బయటపడింది, సగం మంది తల్లులు చొక్కాలు కుట్టేవాళ్లే. సూపర్‌వైజరు పూట సెలవు ఇవ్వనన్నాడు. అయితే మీరే సెలవురోజున రండి అని నర్సమ్మని అడిగింది. పైవాళ్లని ఒప్పించడానికి ఆవిడకి నెల పట్టింది. వచ్చింది. కింద మెట్ల దగ్గరే బల్ల వేసి టీకాలు వేశారు. కండక్టరు తాత అంతస్తుకి ఒక వేళ పెట్టి, ఒకరు దిగాకే ఇంకొకర్ని పిలిచాడు. ఆ భవనంలో మెట్లు ఖాళీగా కనిపించింది ఆ ఒక్క పూటే.

ఇప్పటికీ వాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. గుండుకి జుట్టు వచ్చింది, పేరు మాత్రం పోలేదు. ఎవరైనా పిలిస్తే కుడిచెవి అటు తిప్పి, ఆ తర్వాత మనిషి తిరుగుతాడు. తోటికోడళ్లు మాట్లాడుకుంటారు. మునుపటిలా అని అత్త అంటుంది. కాజాలక్క మాత్రం ఆ మాటకి తలూపదు.

మొన్న ఇస్త్రీ ఆయన ఎదురుగదిలోకి కొత్త సంసారం దిగింది. తొమ్మిది మంది. మూటలింకా గుమ్మంలోనే ఉన్నాయి, పిల్లలు ముగ్గురు వాటి మీదే కూర్చున్నారు. కాజాలక్క ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఆగి, పిల్లల టీకా కార్డులు ఉన్నాయా అని అడిగింది. ఆ తల్లి ఈమెను ఎగాదిగా చూసింది.

"ముందు కాస్త కూర్చోనివ్వమ్మా, ఇప్పుడే వచ్చాం."

కూర్చోవడానికి ఎక్కడ ఉందా అని ఇద్దరూ ఒకేసారి గదిలోకి చూశారు. కాజాలక్క సంచీ భుజానికి ఎగదోసుకుని, రండి, ముందు మూటలు అటక మీదికెక్కిద్దాం, సగం చోటు కలిసొస్తుంది అంటూ లోపలికి నడిచింది. ఆ పని చేస్తూనే కార్డుల సంగతి ఇంకోసారి అడిగింది.